అంజువన్నం, తాడు పట్టిన చేతులు

నా చిన్నప్పుడు, కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున ఏడు గంటలకు జరిగిందిది. పోర్టు సైరన్ అప్పుడే కూసింది.

ఒడ్డు నుంచి లాగే పెద్దవలకి ఆ పూట చేప బాగా పడింది. తాడు పట్టిన ప్రతివాడికీ ఒక కుప్ప ఇవ్వడం మా పేట వాడుక. ఆ రోజు మావాళ్ళతోపాటు ఒక అరవాయన కూడా లాగాడు. కొత్త హార్బరుకి రాళ్ళు మోసే పనికొచ్చి, ఆ పని ఆగిపోయి, పెళ్ళాంతో ఇసుకలో గుడిసె వేసుకున్న మనిషి. కుప్పలు పెట్టేటప్పుడు మా నాన్న ఆయన్ని వదిలేశాడు.

"పై ఊరి నుంచొచ్చిన పైనోడికి వాటా ఏటి? మన మాట రాదు గానీ సేపలు కావాలేటి!"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. నా ముందు కూడా ఒక కుప్ప ఉంది మరి. ఆయన ఖాళీ గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మా తాతయ్య కసరలేదు. పాత రాళ్ళ మీది రాతలు చదవడానికి వచ్చినవాళ్ళ వెంట ఊరంతా తిరిగినవాడాయన. ఇసుకలో కూర్చుని ఒక మాట చెప్పాడు. వందల ఏళ్ళ కిందట ఎక్కడెక్కడి నుంచో ఓడల మీద ఈ రేవుకొచ్చిన వర్తకుల కూటం ఒకటి ఉండేదట. దాని పేరు అంజువన్నమని ఇక్కడి పాత రాతి మీద రాసి ఉందట. అరవంలో అంజు అంటే ఐదు, కాబట్టి ఐదు వర్ణాలవాళ్ళని కొందరంటారట. కాదు, పారశీకంలో సభని అంజుమన్ అంటారు, అదే ఇలా మారిందని మరికొందరట.

"ఏది నిజిమో నాకు తెల్దురా. పైనోళ్ళకి ఈ రేవులో సోటుండీదని మాత్రం రాయి సెప్తంది. ఏదీ, అందరూ సేతులు సాపండి."

చాపాం. తాడు ఒరుసుకుని అందరి అరచేతులూ ఎర్రగా కందిపోయాయి. అరవాయనవి పగిలి నెత్తురోడుతున్నాయి. తెల్లగా ఉన్నది తాడు ముట్టని నా చెయ్యి ఒక్కటే.

తాతయ్య "దా ఓలమ్మీ, నా పక్కన కూకో" అన్నాడు, అంతే. నేను చెయ్యి పావడాలో దాచుకున్నాను. మా నాన్న తల వంచుకుని నా కుప్ప తీసి ఆ గంపలో పోశాడు. దాన్ని మంచితనం అనకండి. సిగ్గు.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. పలక మీద నా పేరు తరవాత రాసుకున్న మాట అంజువన్నం. దాని అర్థం పెద్ద చదువులవాళ్ళకి కూడా ఇంకా తేలలేదట. ఎవర్నైనా పైవాళ్ళు అనబోతే ముందు నా అరచెయ్యి చూసుకుంటాను. ఇప్పటికీ తెల్లగానే కనబడుతుంది.

ఆ రోజు అక్కడున్నది మా తాతయ్య, మా నాన్న, చిన్నాన్నలిద్దరు, పక్కింటి అక్క, నేను. అరవాయన కూడా. ఆయన పేరు మేమెవరమూ అడగలేదు.