దూడ దొరకని పాట

నా రిటైర్‌మెంటుకు రెండు నెలల ముందు, ఆగస్టులో, నన్ను మళ్ళీ నందిగామ క్యాంపుకు వేశారు. మా సంస్థ జానపద విభాగంలో నాది సీనియర్ సేకరణాధికారి హోదా. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, పనల్లా రికార్డరు భుజాన వేసుకుని పాట ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడమే.

మేం నింపే ఫారంలో ఒక గడి ఉంటుంది: పాట సంపూర్ణమా, అసంపూర్ణమా? చివరి చరణం దాకా దొరకకపోతే అసంపూర్ణం కిందే లెక్క. పెనుగంచిప్రోలులో నాట్ల ముఠా మేస్త్రి మరియమ్మ పాడే పాట మూడేళ్ళుగా ఈ గడిలో నా పరువు తీస్తూ వచ్చింది. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ ఒక అన్న ఊరూరా తిరిగే కథ అది. మూడుసార్లు రికార్డు చేశాను. మూడుసార్లూ దూడ దొరక్కముందే మడి అయిపోయింది, ఆడవాళ్ళు నడుం ఎత్తారు, పాట ఆగిపోయింది. మిగతాది గట్టు మీద కూర్చుని పాడమని బతిమాలితే, "నడుం వంచకుండా పాటెట్టా వచ్చిద్దండీ?" అని మరియమ్మ నన్ను వింతగా చూసింది.

ఈసారి తప్పితే ఇక లేదు. నేను దిగిపోతున్నాను, పైగా వచ్చే సీజనుకు నాట్ల మిషను తెప్పిస్తానని పొలం ఆసామి తేల్చి చెప్పేశాడు. సిగ్గు విడిచి ఆయన కాళ్ళావేళ్ళా పడి, పక్కనున్న అరెకరం కూడా అదే ఊపులో, మధ్యలో ఆగకుండా నాటించడానికి ఒప్పించాను. తీరా చూస్తే ముఠాలో ఒకావిడ జ్వరమొచ్చి రాలేదు. మనిషి తక్కువైతే కుదరదంది మరియమ్మ.

"మీరే దిగండి సారూ. పాట కావాల్సింది మీకేగా!"

రికార్డరు గట్టు మీద పెట్టి, ప్యాంటు మడిచి దిగాను. సేకరించేవాడి గొంతు రికార్డింగులో పడకూడదన్నది మా నియమం. పది నిమిషాల్లో నడుం పట్టేసింది, నియమం కాస్తా మూలుగుల్లో కొట్టుకుపోయింది. నేను నాటిన నారు నాటినట్టే నా వెనకాల తేలుతూ వచ్చింది. మరియమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు. అప్పటిదాకా పాటలో లేని ఆఫీసరొకడు అన్నకు ఎదురయ్యాడు. నారు నీళ్ళపాలు చేసిన సారూ, నా దూడను గానీ చూశావా అని అన్న అడిగాడు. ముఠా అంతా పగలబడి నవ్వుతూ వంత పాడారు. నాకూ నవ్వొచ్చింది గానీ, నవ్వితే నడుం ఇంకా లాగింది.

అరెకరం అయిపోయింది. దూడ దొరకలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కనీసం చివరికి దొరుకుతుందో లేదో చెప్పమని మరియమ్మను అడిగాను.

ఆవిడ కాలవలో చేతులు కడుక్కుంటూ, "దొరికితే రేపేం పాడుకోవాలండీ?" అంది.

మర్నాడు ఫారంలో 'సంపూర్ణం' అని రాసి పంపాను. రికార్డింగు విన్న పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వంతలో మధ్యమధ్య వినిపించే మూలుగు ఆ ప్రాంతపు ప్రత్యేక బాణీ కావచ్చుననీ, దాని గురించి వివరంగా రాయమనీ. ఆ బాణీ నాదేననీ, దానికి శిష్యులెవరూ లేరనీ జవాబు రాశాను.

పాట పూర్తయిందో లేదో చెప్పాల్సింది పాడేవాళ్ళు, ఫారం నింపేవాడు కాదు. ఈ ముక్క నాకు సర్వీసు చివర్లో, మోకాలి లోతు బురదలో దిగాక గానీ తలకెక్కలేదు.