నీళ్ల క్యాన్లు వేసే మనిషి ఆనవాళ్లు

తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే సిద్దికా టీచరు అరుగు మీద గ్లాసుడు టీ పెట్టి సాసరుతో మూసేది. అది నీళ్ల క్యాన్లు వేసే మనిషి కోసం. అతను క్యాను లోపల దించి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లేవాడు. దర్శిలో ఆ వీధంతా అతణ్ణి బీహారీ అనేది. ఆవిడా అలాగే అనేది.

భర్త ఖలీల్ పోయాక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పుకుంటూ బతుకుతోంది సిద్దికా. 'హూ' అనే ఇంగ్లీషు మాట పెట్టి, ఫలానా పని చేసేవాడు అంటూ మనుషుల్ని వర్ణించే పాఠమంటే ఆవిడకు ప్రాణం. "పేరు తెలియకపోయినా మనిషిని చూపించొచ్చురా. మీరు రాసింది వింటే కన్నతల్లి వీడు నా బిడ్డే అనాలి," అనేది పిల్లలతో.

ఒకరోజు ఆ క్యాన్ల మనిషిని మిరపకాయల లారీ గుద్దింది, అక్కడికక్కడే పోయాడు. జేబులో కాగితం ముక్క లేదు, ఫోను నుజ్జయింది. శవాన్ని ఒంగోలు ఆస్పత్రి మార్చురీకి తరలించారు. ఆవిడ దగ్గర చదువుకున్న కానిస్టేబుల్ కోటేష్ ఇంటికొచ్చాడు.

"బీహారు పోలీసులకు పంపాలి మేడమ్. ఇంగ్లీషులో ఆనవాళ్లు మీరే రాయాలి. నాకు 'హూ' అంటే ఇప్పటికీ వణుకే."

'బీహారు నుంచి వచ్చినవాడు, నీళ్ల క్యాన్లు మోసేవాడు' అని ఇంగ్లీషులో రాసింది. అక్కడ కలం ఆగిపోయింది. గ్లాసు కడిగి బోర్లించేవాడని రాస్తే ఏ తల్లి గుర్తుపడుతుంది? తనకు ఉర్దూ వచ్చు. ఏనాడైనా నీదే ఊరు బాబూ అని అడిగిందా? కళ్లు తుడుచుకుని, ఆ రెండు ముక్కలే ఇచ్చి పంపింది.

బీహారు నుంచి జవాబు రాలేదు. నాలుగోనాటి పొద్దున అతని గదిలో ఉండే కూలీ ఖాళీ క్యాను కోసం వచ్చాడు. అతనిది బీహారులో ఏ ఊరని ఆవిడ ఉర్దూలో అడిగింది.

"బీహార్ ఎక్కడిది దీదీ? వాడిది ఒడిశా. పేరు తెలీదు, మేం భాయీ అనేవాళ్లం. వాళ్లమ్మకు చెముడు, ఫోన్లో అరిచి మాట్లాడేవాడు. చిన్నప్పుడు గంజి పడి కుడి చెవి వెనక కాలింది."

గబగబా మళ్లీ రాసింది. గంజి పడి చెవి వెనక కాలినవాడు, చెవిటి తల్లితో అరిచి మాట్లాడేవాడు. కోటేష్ దాన్ని ఫోటో తీసి ఒడిశాకు పంపి, మెల్లగా చెప్పాడు: "ఇవాళే పూడ్చేస్తారంట మేడమ్."

కోటేష్ దగ్గర నంబరు తీసుకుని, ఒంగోలులో దిక్కులేని శవాలను పూడ్చే ఆదాంకు ఆవిడ ఫోన్ చేసింది.

"మూడ్రోజుల గడువైపోయిందండి టీచరు గారూ. గొయ్యి తవ్వమన్నారు."

"తెలుసు నాయనా. ఇన్నాళ్లూ వేరే రాష్ట్రంలో వెతికించాం, తప్పు మాది. సరైన ఆనవాళ్లు ఇవాళే ఒడిశా పంపాం, వాళ్లమ్మకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి కదా. మీ పెద్దసారును నేను బతిమాలుకుంటాను. అందాకా పార పట్టకు ఆదాం, నీకు పుణ్యముంటుంది."