కెమెరాకు తొమ్మిది, ఈరమ్మకు పదకొండు

2023 వానాకాలంలో కిషన్‌బాగ్‌లోని ఒక బర్రెల కొట్టంలో మా కంపెనీ కెమెరా పెట్టింది. ఆ వీడియో చూసి ఒక్కో బర్రెను గుర్తుపట్టి, ఏదైనా తేడాగా ఉంటే ఫోన్‌కు కబురు పంపే న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేయడం నా పని. న్యూరల్ నెట్‌వర్క్ అంటే వేల బొమ్మలు చూసి తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాం.

కొట్టం మల్లేశన్నది. పొద్దున్నే అతను అఫ్జల్‌గంజ్ హోటళ్లకు పాలు పోయడానికి వెళ్తే, బర్రెల్ని కనిపెట్టుకుని ఉండేది వాళ్లమ్మ ఈరమ్మ. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్‌కు వెళ్తే వీటిని ఎవరు చూస్తారని వాయిదా వేస్తూ వస్తోంది. కిందటేడు ఒక బర్రె మిగతావాటి చాటున పడుకుని ఈనలేక అవస్థపడింది. ఎవరూ గమనించకపోవడంతో దూడ దక్కలేదు. అది తన కళ్ల తప్పేనని ఆమె బాధ. ఇప్పుడు ఇంకో బర్రె నిండు చూడితో ఉంది.

మొదటి రోజే పరువు పోయింది. నా ప్రోగ్రాం తొమ్మిది బర్రెలని చూపించింది. పైగా ఒక తలకు రెండు తోకలు తగిలించింది. మల్లేశన్న మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. మంచం మీద కూర్చున్న ఈరమ్మ మాత్రం బర్రెల వైపే చూస్తూ, "పదకొండు" అంది.

ఏ ముక్క ఏ వస్తువుదో జతచేసి చూడడాన్ని మా వాళ్లు పర్సెప్చువల్ గ్రూపింగ్ అంటారు. మన కళ్లు తెలియకుండానే చేసేస్తాయి. నల్లటి బర్రెలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితే, ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో యంత్రానికి అందదు. అంచులు బాగా పట్టుకునేలా వారం రోజులు తంటాలు పడ్డాను. లెక్క పది దాటలేదు. చివరికి వెళ్లి ఈరమ్మ పక్కన కూర్చున్నాను. మసకగా కనబడుతుంటే ఎలా లెక్కపెడుతున్నారని అడిగాను.

"తోలు చూస్తే నాకు గూడ అంత ఒక్కటే నలుపు బిడ్డా. ఏది దేనితోని కదుల్తున్నదో చూస్త. గా తోక ఊగినప్పుడు గీ నడుము కదిలిందనుకో, రెండూ ఒక్కదానివే."

"మరి కదలకుండ పండుకున్నదాన్ని ఎట్ల గుర్తుపడ్తవమ్మా?" అన్నాను.

"ఊపిరైతే తీస్తది గద. పొట్ట చూడు."

నాకు సిగ్గేసింది. కలిసి కదిలేవి ఒకే వస్తువుగా కనబడతాయని నేను చదువుకున్నదే. అయినా ప్రోగ్రాంకు ఒక్కో ఫొటో విడిగా చూపిస్తూ వచ్చాను. ఆ సాయంత్రమే పద్ధతి మార్చి, వరసగా తీసిన ఫొటోల్ని కలిపి ఇచ్చాను. అటెన్షన్ అనే భాగం ఎక్కడ ఎక్కువసేపు చూడాలో నిర్ణయిస్తుంది. కదలకుండా ఉన్నదాని మీద అది ఇంకాస్త నిలిచేలా చేశాను. మూడు వారాలకు లెక్క పదకొండుకు వచ్చింది.

తర్వాత కొద్ది రోజులకే, పొద్దున పదింబావుకు, చూడి బర్రె పదే పదే లేచి పడుకుంటోందని మా ఇద్దరి ఫోన్లకూ కబురొచ్చింది. నయాపూల్ దగ్గరున్న మల్లేశన్న ఖాళీ క్యాన్లతోనే బండి తిప్పాడు. నేను ఆఫీసు నుంచి పరుగెత్తాను. మేం చేరేసరికి పశువుల డాక్టర్ అప్పటికే పనిలో ఉన్నాడు. ఈరమ్మ పదింటికే ఆయనకు ఫోన్ చేయించిందట. దూడ ముందుకాలు లోపల మడతపడి ఉంది. ఆయన సరిచేసి మెల్లగా లాగాడు. పెయ్యదూడ. తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టాక అందరం ఊపిరి పీల్చుకున్నాం.

కెమెరా ఎప్పుడు చెప్పిందని ఈరమ్మ నన్ను అడిగింది. పదింబావుకని చెప్పాను.

"నాకంటె పావుగంట ఎనుక. అయినా మంచిగనే నేర్సుకున్నది" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇగ ఫికర్ లేదు బిడ్డా. కంటి దవాఖానల తారీఖు అడుగు."

ఇప్పుడు ఏ కొత్త పని ఒప్పుకున్నా, కంప్యూటర్ తెరవకముందే అక్కడ రోజూ చూసుకునే మనిషి ఎవరో కనుక్కుని ఒక పూట పక్కన కూర్చుంటున్నాను. ఆ ప్రాజెక్టు రిపోర్టులో 'శిక్షణ ఇచ్చినవారు' అన్న చోట నా పేరు కంటే ముందు ఈరమ్మ పేరు రాశాను. ఆమె ఎవరని మేనేజర్ అడిగాడు. మా సీనియర్ అని చెప్పాను.