రెండు ఆయత్‌లు తక్కువైన చిప్పు

2009లో కొత్తకోట బస్టాండు పక్కన నాది సెల్‌ఫోన్ల దుకాణం. చిప్పుల్లోకి పాటలెక్కించడంలో నన్ను మించినవాడు లేడని ఎగిరెగిరి పడే రోజులవి. సినిమా పాటలు, భజనలు, ఖురాన్ పఠనం, ఎవరేదడిగితే అది ఎక్కించేవాణ్ణి. ఆ పఠనమే జైతూన్‌బీ ఇంట్లో పిల్లలు కూర్చుని చదివే చాప ఖాళీ చేసిందని నాకేం తెలుసు!

ఆమె ముప్పై ఏళ్లుగా పల్లికాయ ఒలుస్తూనే వీధి ఆడపిల్లలకు ఖురాన్ నేర్పింది. చేతులు కాయ మీద, చెవులు పిల్లల మీద. ఎవరు తప్పు చదివినా తలెత్తకుండానే పట్టేసేది. ఫోన్లొచ్చాక ఇరవై మందిలో ముగ్గురే మిగిలారు.

ఒకరోజు దుకాణానికి వచ్చింది. కొట్లాటకే అనుకున్నాను.

"కురుమూర్తీ, నువ్వెక్కించే యాసీన్ సూరా జర వినిపియ్యి."

ఖురాన్‌లోని ఆ అధ్యాయం పెట్టాను. కళ్లు మూసుకుని విని, ఒకచోట చెయ్యెత్తింది.

"ఆపు. గిక్కడ రెండు ఆయత్‌లు లేవు, రెండు వాక్యాలు ఎగిరిపోయినయ్. పిల్లలంతా గీడనే దుంకుతున్నరు."

నాకు రోషమొచ్చింది. "మిషన్ తప్పు సదువుతదా ఖాలా?"

"సదివినాయన మంచిగనే సదివిండు. నువ్వెక్కించే సీడీ చూడు."

చూస్తే నిండా గీతలే.

"ఎందరికెక్కించినవ్?"

"పదిహేను ఇరవై మందికుంటది."

"యా అల్లా! చిప్పు సదువుతది గని పిల్లలది వినదు గద బిడ్డా."

నాలుగు రోజులు ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. తన దగ్గర మానేసిన పిల్లల చిప్పులే అడిగి, పేర్లు రాసిన చీటీల్లో చుట్టి, టీపొడి డబ్బాలో తెచ్చింది. నేను మంచి సీడీ తెప్పించి ఎక్కిస్తుంటే ఒక్కొక్కటీ చివరిదాకా విన్నది.

"ఒకటి వింటే సాలదా ఖాలా?"

"నిన్ను నమ్మే గదరా గిట్లయింది!"

ఉండబట్టలేక అడిగాను. "చిప్పుల తప్పున్నదని చెప్తే పిల్లలు మళ్ల నీ తానికే ఉరికొస్తుండిరి. ఎందుకు బాగు చేపిస్తున్నవ్?"

"వచ్చేదాకా? అందాక తప్పే సదవాల్నా? నా చాప నిండుడు ముఖ్యమా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

డబ్బా అడుగున ఒక్కటి మిగిలింది. దాని చీటీ మీద పేరు లేదు.

"ఇదెవరిది ఖాలా?"

కొంగుతో కళ్లొత్తుకుంది. "నా మన్మరాలిది. నేను ఇంట్లనే ఉన్న గద బిడ్డా. నేర్పుమని నన్నడగలే."

అందులోకీ యాసీన్ ఎక్కించాను. ఆమె దాన్నీ చివరిదాకా విన్నది.