గోడవతలి మగ్గం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఆవిడ నుంచి నా ప్రొఫెసర్ దాకా అందరూ ఒప్పుకుంటారు. గద్వాలలో పనిచేసిన ఏళ్లలో ఆ కోపంలో సగానికి సగం ఒక మగ్గం మీదే పోశాను.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పుట్టింది బల్మూర్ పక్కన, మెట్ట సేద్యం ఇంట్లో. ఉద్యోగం గద్వాలలో, కాపురం వనపర్తిలో, మిగిలిన జీవితం బస్సులో. అలా తిరుగుతూనే హైదరాబాదులో పీహెచ్‌డీలో చేరాను. లేజర్ల మీద పరిశోధన. గడువు అయిపోతే పొడిగించారు, మళ్లీ అయిపోతే మళ్లీ పొడిగించి, ఇదే ఆఖరు అన్నారు. ప్రొఫెసర్ అడిగింది ఒకటే. "ఒక్క శుభ్రమైన ఫోటో తీసుకురా, థీసిస్ వేసేద్దాం." అది రాకపోతే అన్నేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ ఫోటో ఏమిటో చెప్పాలి. మామూలు అద్దం మీద కాంతి ఏటవాలుగా పడితే అటు పక్కకు పోతుంది, గోడకు కొట్టిన బంతిలాగా. నేను చేయబోయిన అద్దం వేరు. దాని మీద పడిన కాంతి వచ్చిన దారినే, వంకర్లతో సహా, వెనక్కి నడుస్తుంది. దీన్ని ఫేజ్ కాంజుగేషన్ అంటారు. మధ్యలో ఒక గరుకు గాజు పెట్టామనుకోండి, స్నానాల గది కిటికీకి ఉంటుందే, అలాంటిది. దాంట్లోంచి పోయిన బొమ్మ చెదిరి ముద్దయిపోతుంది. ఆ ముద్దే నా అద్దం మీద పడి వెనుదిరిగి అదే గాజులోంచి మళ్లీ వస్తే, గాజు వేసిన చిక్కుల్ని గాజే విప్పేస్తుంది. బొమ్మ మొదట ఎట్లా ఉందో అట్లా బయటపడుతుంది. క్లాసులో పిల్లలు దీన్ని కాలం వెనక్కి పోవడం అంటారు. నాకు చిర్రెత్తుకొస్తుంది. కాలం ఎక్కడికీ పోదురా, కాంతి పోయి వస్తుంది, అంతే అంటాను.

నా అద్దం జెలటిన్‌లో రంగు కలిపి గాజు పలక మీద పోసి ఆరబెట్టిన పలుచటి పొర. లేజర్ కాంతులు అందులో కలిసినచోట కంటికి కనపడనంత సన్నటి చారలు పడతాయి. ఆ చారలే కాంతిని వెనక్కి పంపేవి. నా దగ్గర ఉన్నది యూనివర్సిటీ వాళ్లు పక్కన పడేసిన చిన్న ఎర్ర లేజర్. దాని బలానికి చారలు నెమ్మదిగా, కొన్ని నిమిషాల పాటు పడాలి. ఆ కాసేపూ ఏదీ కదలకూడదు. వెంట్రుక మందంలో నూరో వంతు కదిలినా చారలు చెరిగిపోతాయి.

కాలేజీ వెనుక పాత సామాన్ల గది ఇచ్చారు. ఇసుక పోసి, ట్రాక్టర్ ట్యూబుల్లో గాలి నింపి, వాటి మీద నాపరాయి పరిచి, దానిమీద నా సంసారమంతా పెట్టుకున్నాను. లేజర్ వెలిగించాను. గోడవతల నుంచి దబ్, దబ్ అని దెబ్బ. అది నేతవాళ్ల వాడ. గోడకు ఆనుకునే గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలోకి దిగి కూర్చుని నేసేది. చారల్ని కటకంతో పెద్దవి చేసి తెర మీద చూస్తే, దెబ్బ పడినప్పుడల్లా వణికి చెదిరేవి.

రాత్రి చేసుకోవచ్చు కదా అంటారు. సాయంత్రం అయితే కాలేజీ గేటుకు తాళం, నాకు వనపర్తి బస్సు. ఆదివారం మగ్గం ఆగదు, కాలేజీ తెరవరు. మధ్యాహ్నం మగ్గం ఆగే కాసేపు చాలదు, సామాను సర్దుకుని నిలకడ పట్టేసరికే గంట పడుతుంది. ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి మగ్గం గురించి మొరపెట్టుకుంటే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందయ్యా" అన్నాడు.

ఒకరోజు తట్టుకోలేక చుట్టూ తిరిగి ఆ ఇంటికి పోయాను. మగ్గం మీద ఒక అవ్వ. డెబ్బై దాటి ఉంటుంది. కొడుకు ఆటో నడుపుతాడు, కోడలు నూలు కండెలు చుడుతుంది, నేసేది ఈమె.

"అవ్వా, జర దినాం ఒక గంట ఆపుతవా? గోడ అదిరి నా పని ఆగమైతున్నది" అన్నాను.

"ఏం పని సారూ?"

"వెలుగు పని. లేజర్."

"వెలుగు గూడ అదురుతదా? నాకు తెల్వదు పో" అని నవ్వింది. చేతులు మాత్రం ఆగలేదు. "గంట ఆపుమంటే ఎట్ల? నూలిచ్చే షావుకారి ఊకుంటడా? అమాస నాడు జేసుకో. ఆ పొద్దు మేం మగ్గం ముట్టం."

మా ఇంట్లోనూ అమావాస్య నాడు నాగలి కట్టరు. మూఢనమ్మకమని చిన్నప్పుడు మా నాయనతో వాదించినవాణ్ని. అలాంటి నేను ఆ రోజు నుంచి క్యాలెండర్‌లో అమావాస్యలు చూసుకోవడం మొదలుపెట్టాను. "పంచాంగం కూడా కొనుక్కో, సరిపోతుంది" అంది మా ఆవిడ.

మొదటి అమావాస్యకు కరెంటు పోయింది. తరువాతిది ఆదివారం పడింది. వానాకాలంలో ఇంకోదానికి పొర చెమ్మ పట్టి జారిపోయింది. ఈలోగా కాలేజీలో మాట పుట్టింది. ఫిజిక్స్ సారు అమావాస్య వచ్చిందంటే తలుపు బిగించుకుని, చీకట్లో ఎర్ర దీపం పెట్టుకుని ఏదో చేస్తున్నాడని. ఒక పొద్దున ఆ గది గడప మీద కుంకుమ పూసిన నిమ్మకాయ కనబడింది. అగ్గి మీద గుగ్గిలమై దాన్ని తీసుకుని స్టాఫ్ రూముకు పోయి అందరినీ కడిగేశాను. అవ్వకు చెబితే కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "కాయ మంచిగుంటే పారెయ్యకు సారూ, పులిహోరకైతది" అంది.

అప్పటి నుంచి మధ్యమధ్యన పోయి కూర్చునేవాణ్ని. "ఏం సారూ, నీ బొమ్మ వచ్చిందా?" అని అడిగేది. లేదంటే, "వస్తది తీ. మాకు మాత్రం చీర ఒక్క దినాన దిగుతదా" అనేది. ఆమె అంటే ఇష్టమే. ఆమె మగ్గం అంటే మాత్రం కాదు. గదిలోకి రాగానే దబ్ అని వినబడితే, ఇదెప్పుడు మూలబడుతుందో అని పైకే తిట్టుకునేవాణ్ని.

ఆఖరి గడువుకు ముందు ఒక్క అమావాస్యే మిగిలింది. ఆ రోజు నాకు పరీక్షల డ్యూటీ వేశారు. బతిమాలాను, అరిచాను, పని జరగలేదు. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, ఇంక అయిపోయిందిలే అనుకున్నాను. సామాను యూనివర్సిటీకి అప్పగిద్దామని కొన్నాళ్ల తరువాత, గడువు ఇంకా వారం ఉందనగా గది తెరిచాను. అమావాస్య కాదు, మామూలు రోజు, ఎండ బాగా కాస్తోంది. అలవాటు కొద్దీ లేజర్ వేశాను. తెర మీద చారలు కదల్లేదు.

పాడైందేమోనని రాయిని వేలితో తాకితే వణికాయి. తీసేస్తే మళ్లీ నిలబడ్డాయి. ఇంక ఆలోచించలేదు. కొత్త పొర బిగించి, గరుకు గాజు పెట్టి, బొమ్మ పెట్టాను. ఫిల్ము ముక్క మీద అచ్చు వేయించిన చిన్న నాగలి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గాజులో ముద్దగా పోయిన నాగలి, మేడి, కర్రు, కాడి అన్నీ విడివిడిగా కనబడేలా తెర మీదికి తిరిగొచ్చింది. నలభై దాటిన మనిషిని, ఒక్కణ్నే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను.

ఫోటో ఫోన్‌లో పెట్టుకుని పరుగున అవ్వ ఇంటికి పోయాను. ఇంటి ముందు ఎర్రమట్టి కుప్ప ఉంది. లోపల కొడుకు తట్టతో మట్టి తెచ్చి మగ్గం గుంటలో పోస్తున్నాడు. కర్రలన్నీ విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. అవ్వ మంచం మీద కాళ్లు చాపుకుని చూస్తోంది.

"మోకాళ్లు ఒంగుతలేవు సారూ. గుంటల దిగితే ఇద్దరు పట్టి లేపాలె. దవాఖానల గూడ ఇంగ దిగొద్దన్నరు. కోడలికి నేత రాదు" అంది. చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమే అడిగింది. "బొమ్మ వచ్చిందా?"

ఫోన్ ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నాగలా? రైతు బిడ్డవనిపిచ్చుకున్నవ్. మగ్గం బొమ్మ పెట్టకపోతివి" అని ఫోన్ తిరిగిచ్చింది. "మంచిగొచ్చింది సారూ. ఇంగ నీకు దినాం అమాసనే."

ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా అనిపించి ఇంకా వచ్చింది. కొడుకు చేతిలోంచి తట్ట తీసుకోబోతే, "నీకెందుకు సారూ" అని అవ్వ కసిరింది. అయినా రెండు తట్టలు పోశాను. ఆ రోజు బస్సులో ఫోటో మళ్లీ తీసి చూడలేదు.

ఆ ఫోటోతోనే థీసిస్ వేశాను. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పెద్దాయన అదే పేజీ దగ్గర ఆగాడు. "వాడ పక్కన గదిలో ఇంత నిలకడ ఎట్లా సాధించావు?" అన్నాడు. ఇసుక, ట్యూబులు, నాపరాయి చెప్పాను. వాటితో ఇంత రాదని ఆయనకు తెలుసు. ఇంకేం చేశావని మళ్లీ అడిగాడు.

"నేనేం చేయలేదు సార్. గోడవతల ఒక అవ్వ మగ్గం ఉండేది. గుంట పూడ్చేశారు" అన్నాను.

"అదృష్టవంతుడివయ్యా" అని నవ్వి పేజీ తిప్పాడు.

అవును సార్ అన్నాను.