కదిలిందని చెరిపేసిన చుక్క

మా అక్క ఒక తోకచుక్కను చంపేసింది. పట్టపగలు, ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో, సగం తిన్న టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎవరూ నమ్మరు. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీని వదిలేసినవాణ్ణి, నా మాటకు విలువేముంది. నేను వచ్చేశానన్న బెంగతో లెక్కల మేష్టారు మూడు రోజులు అన్నం ముట్టలేదంటే అదీ నమ్మలేదు. కానీ తోకచుక్క సంగతి వేరు. దానికి రిజిస్టరులో రుజువుంది.

అక్క ఎక్స్‌రే టెక్నీషియన్. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే బరువైన సీసం కోటు, అవే మూడు మాటలు: "కదలకండి. ఊపిరి బిగపట్టండి. ఇక వదలండి." ఊళ్ళో విరిగిన ప్రతి ఎముకా ఆమెకు ముఖపరిచయమే. రోడ్డు మీద ఎవరైనా నమస్కారం పెడితే మొహం గుర్తుపట్టదు. నాలుగడుగులు నడవనిచ్చి "ఎడమ తుంటి" అంటుంది. ఫిల్ము మీద రోగి పేరుంటుంది. రిపోర్టు కింద పెద్ద డాక్టరు సంతకం ఉంటుంది. తీసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఇంత పెద్ద కవరు మీద నా పేరుకు చోటు లేదా సార్ అని ఒకసారి అడిగింది. "కెమెరా పేరు ఎవరైనా రాస్తారా అమ్మా," అని ఆయన నవ్వాడు. మనిషి మంచివాడే. ఆ నవ్వు మాత్రం అక్క లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

అందుకే ఇంటర్నెట్‌లో ఆ సైటు చూసినప్పుడు అక్క కళ్ళు ఆకాశం ఫోటోల మీద కాదు, వాటి కింద ఉన్న పేర్ల మీద నిలిచాయి. గుమాస్తాలు, వంటవాళ్ళు, బడి పంతుళ్ళు తీసిన ఫోటోలు. ఒక్కో దాని కింద ఒక్కో పేరు. సొంత టెలిస్కోపు ఉండక్కర్లేదట. భూమికి అవతలి వైపు ఎడారిలో ఒక కొండ మీద పెద్ద పెద్దవి పెట్టి ఆన్‌లైన్‌లో అద్దెకిస్తారు, ఆటోలాగా మీటరు వేసి. ఇక్కడ కూర్చుని ఎటు తిరగాలో, ఎంతసేపు చూడాలో రాసి పంపితే అక్కడ కప్పు తెరుచుకుని, గొట్టం తనంతట తాను తిరిగి, ఫోటోలు తీసి పంపుతుంది. మనకు మధ్యాహ్నమైతే వాళ్ళకు రాత్రి. అక్క రాత్రంతా హాయిగా గుర్రు పెట్టి, భోజనాల వేళ నక్షత్రాలు చూసేది.

"మిద్దె మీద బట్టలు తేవడానికి మోకాళ్ళ నొప్పులంటావు, ఎడారిలో కొండెక్కుతావా," అనేవాడు బావ. ఆయన బస్సు డ్రైవరు, గేరు మార్చకుండా మాట్లాడలేడు. తోకచుక్క కనిపెడితే కనిపెట్టినవాళ్ళ ఇంటిపేరు దానికి పెడతారని నేను చెప్పినప్పుడు మాత్రం కాస్త ఆసక్తి చూపించాడు.

"అంటే మా ఇంటిపేరన్నమాట."

"తీసేది నేను, పేరు మీదా," అంది అక్క. "నాకు తోకచుక్కలొద్దు. ఒక ఫోటో కింద నా పేరుంటే చాలు."

నక్షత్రాల నడుమ ఉండే ఎర్రటి మేఘం ఒకటి ఎంచుకుంది. ఊపిరితిత్తుల ఆకారంలో ఉంటుంది, ఇంకేం ఎంచుకుంటుంది. ఒక్కో ఫోటో అయిదు నిమిషాలు. అలాంటివి వందల కొద్దీ పేర్చి ఒకటిగా చేయాలి. వచ్చేవన్నీ నలుపూ తెలుపే, అచ్చం ఎక్స్‌రేల్లాగే. ఆమె వాటిని అలాగే చూసేది, ముక్కు తెరకానించి.

ఆ రోజు డబ్బా ఇచ్చే వంకతో నేనూ ఉన్నాను. డబ్బాలో సగం నాదేననుకోండి. పంతొమ్మిది ఫోటోలు వచ్చాయి.

"ఈ మూలనేంటక్కా, మసగ్గా ఉంది?"

"కదిలింది."

"ఏది?"

"ఏదో. ఇందులో ఇక్కడుందా, తర్వాత దాంట్లో వెంట్రుకవాసి పక్కకు జరిగింది. కదిలిందంటే చెత్తేరా. విమానమో, ఉపగ్రహమో."

"విమానమైతే గీత పడాలిగా. ఇది దూదిపింజలా ఉంది."

"నువ్వు కాలేజీకెళ్ళిన నాలుగు రోజులూ ఇదే చెప్పారా?"

నేను నోరు మూసుకున్నాను. జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదీ అలా తగలడింది. ఫోటోలు పేర్చే సాఫ్ట్‌వేరులో ఒక గడి ఉంటుంది. అక్కడ టిక్కు పెడితే అన్నింట్లోనూ ఒకేచోట ఉన్నదాన్ని ఉంచి, చోటు మారినదాన్ని తుడిచేస్తుంది. అక్క టిక్కు పెట్టింది. మూల శుభ్రమైపోయింది, కడిగిన పలకలా. ఆమెకు ఆకాశానికీ ఒక రిజిస్టరుంది, ఆసుపత్రి దానిలాగే గీతలు కొట్టి. తేదీ, వేళ వేసి రాసింది: "పంతొమ్మిది. మూలన కదలిక. తీసేశాను."

ఫోటో పూర్తయ్యాక, ల్యాప్‌టాప్ నిండిపోయిందని విడి ఫోటోలన్నీ కొట్టేసింది. అద్దెకిచ్చినవాళ్ళు నెల తర్వాత తమ దగ్గరివీ కొట్టేస్తారు. పూర్తయిన ఫోటో సైటుకు పంపితే మర్యాదగా జవాబొచ్చింది: చాలా బాగుంది, కానీ ఈ మేఘం ఫోటోలు మా దగ్గర వందలున్నాయి, కొత్తదేమైనా కనిపిస్తే పంపండి.

పెద్ద డాక్టరుకు మాత్రం ఫోటో తెగ నచ్చింది. నిలువెత్తు ఫ్రేము కట్టించి, రోగులు కూర్చునే హాల్లో పెట్టించాడు. కింద ఇత్తడి పలక: "రేడియాలజీ విభాగం." నీ పేరు చెక్కేవాడికి ఎవరూ చెప్పలేదమ్మా అన్నాడు.

రెండు నెలల తర్వాత కొత్త తోకచుక్క వార్త వచ్చింది. కనిపెట్టినవాడు ఏదో దేశంలో పళ్ళ డాక్టరు. అదే కొండ మీద టెలిస్కోపు అద్దెకు తీసుకుని ఇంకేదో తీస్తుంటే మూలన దూదిపింజ పడిందట. పడిన రోజే కబురు పంపాడట. చుక్కకు అతని ఇంటిపేరు పెట్టారు. అక్క ఆ చుక్క వచ్చిన దారిని లెక్కగట్టే పేజీ తెరిచి, వెనక్కి జరుపుకుంటూ పోయింది. పళ్ళ డాక్టరు కంటే తొమ్మిది రోజుల ముందు, భోజనాల వేళ, మా మేఘం పక్కన, ఆ మూలనే. రిజిస్టరు తీసి తేదీ చూసుకుంది. మళ్ళీ మూసింది.

"రిజిస్టరు పేజీ ఫోటో తీసి పంపుదాం," అన్నాను.

"ఏమని? చెత్తనుకుని పారేశానని నా చేత్తో రాసుకున్నా, అది చూసి పేరు పెట్టమనా?"

"ఫైళ్ళుండుంటే..."

"ఉన్నా అంతే. చూసి చెప్పినవాళ్ళదే పేరు."

"పోనీలే, పళ్ళ డాక్టరైనా డాక్టరే," అన్నాడు బావ. సరదాకే అన్నాడు పాపం. అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆపైన టెలిస్కోపు అద్దెకు తీసుకోనూ లేదు. భోజనాల వేళ ఇప్పుడు తింటుంది, అంతే.

నేనే ఊరుకోలేకపోయాను. మొన్న ఆ హాల్లో కూర్చుని, చేతికి కట్టు వేసుకున్న పెద్దాయనకు కథ మొదలుపెట్టాను. చుక్క ఈ ఊరికి పదింతలుందనీ, తోకతో లోకాన్ని ఊడ్చేయడానికి వస్తోందనీ, లోపలున్న మా అక్క ఒక్క నొక్కు నొక్కి ఇదిగో ఈ మూలనే దాన్ని చంపేసిందనీ. పెద్దాయన నోరు తెరిచి ఆ నల్లటి మూలకేసే చూస్తున్నాడు. అక్క తలుపు తీసుకుని ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది. ఫ్రేము వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

"నేనేం చంపలేదండీ. అది బాగానే తిరుగుతోంది. కదిలితే చెత్తనుకున్నాను, అంతే. లోపలికి రండి, మీ వంతే."