పుంటికూర ఎంతండీ

మా చిన్నప్పుడు... కూరగాయల బండి దగ్గర అమ్మ నోరు విప్పేది కాదు. వేలితో చూపించేది. నేను అడిగేదాన్ని.

"పుంటికూర ఎంత? ఆలుగడ్డ అద్దకిలో ఇయ్యి."

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మూసాపేట నుంచి చందానగర్‌లో ఒక కిరాయి ఇంటికి అప్పుడే మారాం. నాన్నది మెదక్ దిక్కు పల్లె. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి క్యాబ్ నడిపేవాడు. అమ్మది గోదావరి జిల్లా. పెళ్ళికి ముందు అదే కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేది. తమకు పరిచయం పప్పు గరిటె దగ్గర అయిందని నాన్న చెప్పేవాడు.

అమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు... అది ముందే చెప్పాలి. కానీ టీవీలో రోజంతా "మీరు", "మేము" అని విని విని, బజారులో తన యాస వినిపిస్తే ఏమవుతుందో అని అమ్మకు భయం పట్టుకుంది.

మొదట ఇంట్లో సాధన చేసింది. గోంగూరను పుంటికూర అనాలి. బంగాళాదుంపను ఆలుగడ్డ అనాలి. నాన్న మంచం మీద కూర్చుని పరీక్ష పెట్టాడు.

"ఏదీ, అడుగు."

"పుంటికూర ఎంతండీ?"

నాన్న పడీ పడీ నవ్వాడు. "కూర మా దిక్కుదే గాని, ఆ 'అండీ' తోక మీ దిక్కుదేనాయె."

అమ్మ నవ్వలేదు. ఆ ఇంట్లో కూడా "మా దిక్కు, మీ దిక్కు" వచ్చేసిందని అనుకుందేమో... మర్నాడు సంచీ నా చేతికిచ్చింది.

బజారులో మొదలైన మౌనం మెల్లగా గడప దాటి లోపలికి వచ్చింది. నాన్నకు అన్నం పెట్టేది, బాక్సు కట్టేది, మాట్లాడేది కాదు. రాజమండ్రి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసేది. ఆవిడ గొంతు ఫోను బయటికే వినిపించేది.

"పిల్లని తీసుకుని వచ్చెయ్యవే. ఈ గొడవలు తగ్గాక వెళ్దువుగాని."

అమ్మ "చూస్తాలే అక్కా" అనేది. రానని మాత్రం అనేది కాదు.

నా కడుపునొప్పి అప్పుడే మొదలైంది. క్లాసులో లేచి పాఠం చదవాలంటేనే ముందు పిల్ల వెనక దాక్కునేదాన్ని. ఇప్పుడు అమ్మ తరఫున కూడా మాట్లాడాలి. నేను ఒక్క మాట తప్పు పలికితే అందరికీ తెలిసిపోతుందని, అమ్మ నన్ను తీసుకుని వెళ్ళిపోతుందని, నాన్న ఒక్కడే మిగిలిపోతాడని... ఎవరూ చెప్పకుండానే నమ్మేశాను.

ఒకరోజు స్కూల్లో టీచరు నన్ను బెంచీ మీద పడుకోబెట్టి నాన్నకు కబురు చేసింది. దవాఖానలో డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఏమీ లేదన్నాడు.

"ఇంట్లో ఏమన్నా గొడవలా?"

"గొడవలు లేవు సార్," అన్నాడు నాన్న. నా స్కూలు బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "మాటలే లేవు."

ఇంటికొచ్చి అమ్మతో, "పోరికి రంది పట్టుకున్నది," అన్నాడు.

"బెంగండి అది," అంది అమ్మ.

ఆ పూట వాళ్ళు మాట్లాడుకున్నది అంతే. రెండూ ఒకటేనని నాకు చాలా కాలం తెలియలేదు.

తర్వాతి ఆదివారం మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండి, అక్కడే కూర్చుని తినడం... ఉద్యమంలో అదొక పద్ధతి. నాన్న పొద్దున్నే వెళ్ళాడు. మేం గుమ్మంలో నిలబడి ఉంటే, కూరగాయల బండి ఎల్లమ్మ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"రా చెల్లె. ఇంట్ల కూసుండి ఏం జేస్తవ్?"

వద్దనాలంటే అమ్మ నోరు విప్పాలి. అందుకని వెళ్ళింది.

పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ పాటలో ఉన్నారు. కలిపేవాళ్ళు లేరు. అమ్మ రెండుసార్లు వాసన చూసింది. నా వైపు చూసింది. ఏం చెప్పాలో, ఎవరితో చెప్పాలో నాకు తెలియలేదు. కడుపు పట్టేసింది.

అమ్మ ముందుకు వెళ్ళి గరిటె అందుకుంది.

"అడుగంటేస్తోందండీ. మంట తియ్యండి, ముందు మంట తియ్యండి."

పాట ఆగిపోయింది. రోడ్డుకు అవతల నుంచి నాన్న తల తిప్పి చూశాడు. నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను.

ఎల్లమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓ యవ్వ... నీకు మాటలొస్తయా? బిడ్డకు నోరిచ్చిన దేవుడు తల్లికియ్యలేదని, పాపమని, నేను ఇన్ని దినాలు కొసరు ఎక్కువేస్తున్న గదనే. నా కొసరు నాకియ్యి."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పొయ్యిలోంచి కట్టెలు లాగారు. అమ్మ అడుగున మాడింది కదపకుండా పై పప్పును వేరే గిన్నెలోకి తీసింది. ఎవరూ ఏ ఊరని అడగలేదు. ఉప్పు చూడమన్నారు.

తినేటప్పుడు నాన్న విస్తరాకు పట్టుకుని అమ్మ ముందుకొచ్చాడు.

"జర పప్పెయ్యండీ."

"తోక మీకెప్పుడొచ్చిందండీ?" అంది అమ్మ.

నాన్న తల వంచుకుని నవ్వాడు. అమ్మ మరో గరిటె వేసింది.

ఆ వారం పెద్దమ్మకు అమ్మ "రానక్కా" అని చెప్పింది. నా కడుపునొప్పి వెంటనే పోలేదు... ఇంట్లో మాటలు పెరిగినకొద్దీ తగ్గింది. ఎల్లమ్మ కొసరు కూడా తగ్గింది.

ఇప్పుడు మణికొండలో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను. పని హైటెక్ సిటీలోనే. కడుపు పట్టేసే రోజులు అప్పుడప్పుడూ వస్తాయి. దాన్ని యాంగ్జైటీ అంటారని తెలుసు. కూరగాయలు ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకే వస్తాయి. గోంగూర అన్నా, పుంటికూర అన్నా వినేవాళ్ళు లేరు. శని, ఆదివారాలు నేను నోరు విప్పకపోయినా... పాపం మూగదేమో అనుకుని గుప్పెడు కొత్తిమీర ఎక్కువేసే మనిషి లేదు.

మీ ఇంట్లో ఈ కడుపు పట్టేయడాన్ని ఏమనేవాళ్ళు... బెంగ అనా, రంది అనా? మీలో దాన్ని ముందుగా కనిపెట్టింది ఎవరు?